బడిలో డబ్బు పాఠం - మన వంతు సాయం

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17వ తేదీ మనకు పండుగ రోజు. 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెబుతూ, పెన్షన్ ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదని, ఉద్యోగి తన సేవతో సంపాదించుకున్న హక్కు అని తేల్చింది. ఏటా ఈ సభలో డి.ఎ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి మాట్లాడుకోవడం ఆనవాయితీ. అవి కార్యదర్శి గారు చూసుకుంటారు. నాకు మాత్రం కార్యవర్గం వారు వేరే విషయం అప్పగించారు. మన బడుల్లో పిల్లలకు, పిల్లల ద్వారా ఊరికి, డబ్బు సంగతులు నేర్పే ఉపాధ్యాయులకు మన సంఘం ఏ విధంగా తోడ్పడగలదన్నది ఆ విషయం.

నేను పాఠం చెప్పిన వాణ్ణి కాదు. ముప్పయ్యేళ్లకు పైగా ట్రెజరీలో గుమాస్తాగిరీ చేసిన వాణ్ణి. మేష్టర్ల జీతాల బిల్లులు, ఇంక్రిమెంట్లు, జి.పి.ఎఫ్. అడ్వాన్సులు నా బల్ల మీదుగా వెళ్లినవే. ఆ పరిచయంతోనే నాలుగు మాటలు మనవి చేసుకుంటాను.

ఆర్థిక అక్షరాస్యత అనే మాట ఈ మధ్య ఎక్కడ చూసినా వినబడుతోంది. మాట పెద్దది గాని, సంగతి కొత్తది కాదు. వీధిబడుల్లో వీసం, పరక, పాతిక ఎక్కాలు వల్లె వేయించింది దేనికి? కుర్రవాడు అంగడిలో మోసపోకుండా ఉండటానికే. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చాక ఆ ఎక్కాలు పోయాయి. పోవలసినవే. వాటితోపాటు, బడి లెక్కకూ బజారు లెక్కకూ మధ్య ఉన్న వంతెన కూడా కూలిపోయింది. నా బాధల్లా అది.

ఒక ఉదాహరణ చెబుతాను. ఏడు, ఎనిమిది తరగతుల లెక్కల్లో బారువడ్డీ, చక్రవడ్డీ మన చిన్నప్పటి నుంచీ ఉన్నాయి. అసలు ఇంత, రేటు సాలుకు 12 శాతం, కాలం మూడేళ్లు, వడ్డీ ఎంత అని అడుగుతారు. పిల్లవాడు సూత్రం వేస్తాడు, మార్కులు తెచ్చుకుంటాడు. సాయంత్రం ఇంటికి వెళితే తండ్రి ఎవరితోనో "రెండు రూపాయలకు తెచ్చాను" అంటుంటాడు. ఆ రెండు రూపాయలూ పుస్తకంలోని 12 శాతమూ ఒకే జాతివని ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పరు. మన ఊళ్లలో రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు నూటికి రెండు. సాలుకు 24 శాతం. బ్యాంకు వారి 12 శాతం ఊరి భాషలో రూపాయి వడ్డీ. "బ్యాంకులో పన్నెండట, అక్కడ రెండేనట" అని పన్నెండు అంకె చూసి బెదిరిపోయి రెండుకు తెచ్చుకున్న వారిని నేను ఎరుగుదును. వారు తెలివితక్కువ వారు కారు. తూకంలో, కొలతలో వారిని మోసగించడం ఎవరి తరమూ కాదు. నెల లెక్కను ఏడాది లెక్కలోకి మార్చే ఆ ఒక్క మెట్టు మాత్రం వారికి ఎవరూ చూపలేదు.

చక్రవడ్డీ సంగతీ అంతే. అది బ్యాంకుల్లోనే ఉంటుందని పిల్లలనుకుంటారు. ప్రోనోటుకు మూడేళ్ల కాలదోషం ఉంది గనుక, గడువు దాటకుండా నోటు తిరగరాయించుకోవడం మన పల్లెల్లో మామూలు. తిరగరాసేటప్పుడు అప్పటిదాకా పేరుకున్న వడ్డీని అసలులో కలిపేస్తారు. పదివేలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవాడికి మూడేళ్లకు వడ్డీ 7,200. కొత్త నోటు 17,200కు రాస్తారు. మరో మూడేళ్లకు అది 29,584 అవుతుంది. బారువడ్డీ అయితే ఆరేళ్లకు అసలుతో కలిపి 24,400 మాత్రమే. ఆ 5,184 రూపాయల తేడా నోటు తిరగరాయడంలో పుట్టింది. ఈ లెక్కను నల్లబల్ల మీద వేస్తే, చక్రవడ్డీ అంటే ఏమిటో ఎనిమిదో తరగతి పిల్లవాడికి మళ్లీ చెప్పనక్కరలేదు.

ఇక రోజువారీ ఫైనాన్సు. కూరగాయల బండ్ల వారికి, టిఫిను బండ్ల వారికి ఇది నిత్యకృత్యం. పదివేలు అప్పు అంటారు. వెయ్యి ముందే పట్టుకుని తొమ్మిది వేలు చేతికిస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. తీసుకున్న మనిషి "పదివేలకు వెయ్యేగా, నూటికి పదేగా" అనుకుంటుంది. లెక్క వేసి చూద్దాం. చేతికొచ్చింది తొమ్మిది వేలు. రోజూ కడుతూ పోతుంటే చివరికి సున్నా. అంటే సగటున ఆమె దగ్గర ఉన్న సొమ్ము నాలుగున్నర వేలు. వంద రోజులంటే మూడు నెలల పది రోజులు. వెయ్యి రూపాయల వడ్డీని దానికి పంచితే నెలకు మూడు వందలు. నాలుగున్నర వేలకు నెలకు మూడు వందలంటే ఆరున్నర రూపాయల వడ్డీ పైమాటే! సాలుకు దాదాపు ఎనభై శాతం. ఇందులో భాగాహారం తప్ప ఏమీ లేదు. ఇదే పద్ధతిలో, నెల వాయిదాల మీద అమ్మే ఫ్రిజ్జులకు, బండ్లకు "12 శాతం ఫ్లాట్" అని చెప్పేది, తగ్గుతున్న అసలు మీద లెక్కిస్తే 21 శాతం దాటుతుందని కూడా తేలుతుంది.

అయితే ఒక జాగ్రత్త. ఈ లెక్క చెప్పి "కాబట్టి అప్పు చేయకూడదు" అని ముగిస్తే ఆ పిల్లవాడి తల్లిని అవమానించినట్టే. తెల్లవారుజామున మార్కెట్‌కు వెళ్లి సరుకు తెచ్చుకోవడానికి ఆమెకు ఆ తొమ్మిది వేలు ఇచ్చేవాడు అతనొక్కడే కావచ్చు. ఆదాయం చాలని వారికి పొదుపు ఉపన్యాసం ఇవ్వడం ఆకలితో ఉన్నవాడికి అరుగుదల మందు ఇవ్వడం లాంటిది. రేటు ఎంతో తెలిస్తే, మరోచోట మరో మార్గం ఉందేమో ఆమె వెతుక్కోగలదు. మన పని అక్కడిదాకానే.

చదువు వల్ల డబ్బు సంగతిలో ఊళ్లు మారతాయా అని కొందరు మిత్రులు అనుమానం వెలిబుచ్చారు. అది కళ్లారా చూసిన తరం మనది. 1991 జనవరిలో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. రాత్రిపూట లాంతర్ల కింద ఆడవారు చదువు నేర్చుకున్నారు. ఆ వాచకాల్లో సారా వల్ల సంసారం చితికిపోయిన ఒక స్త్రీ కథ పాఠంగా ఉండేది. ఆ పాఠం చదివిన చోట చర్చ మొదలైంది. దూబగుంటలో మహిళలు సారా అమ్మకాన్ని ఆపించారు. అది జిల్లా అంతటా పాకింది. 1992లో సారా వేలంపాటలను మహిళలు అడ్డుకోగా అవి పలుమార్లు వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. తరువాత ఆ మద్యనిషేధం నిలవలేదు. అది వేరే కథ.

ట్రెజరీలో కూర్చున్న మాకు ఇందులో మరో కోణం కనబడేది. సారా దుకాణాల కిస్తీలు చలానాల మీద మా దగ్గర జమయ్యేవి. కూలివాడు సాయంత్రం ప్యాకెట్టుకు ఇచ్చిన చిల్లర, పాటదారు చేతి మీదుగా, అబ్కారీ పద్దు కింద పెద్ద అంకెలై మా రిజిస్టర్లలో ఎక్కేది. ఆ అంకెల వెనుక ఎన్ని ఇళ్ల బియ్యం డబ్బులున్నాయో ఏ రిజిస్టరులోనూ కనబడదు. రాత్రి బడి ఆడవారు మాత్రం దాన్ని చదివారు. దుకాణాలు మూతపడ్డాక ఆ జిల్లాలోనే "పొదుపు లక్ష్మి" పేరుతో రోజుకు రూపాయి దాచుకునే సంఘాలు బయలుదేరాయి. రోజుకు రూపాయి అంటే నవ్విన వారున్నారు. తరువాతి కాలంలో రాష్ట్రమంతా విస్తరించిన పొదుపు సంఘాలకు అది ఒక పునాది. దీన్నిబట్టి నాకు తోచేదేమంటే, పాఠం మన ఇంటి కథలా ఉంటేనే డబ్బు లెక్క బుర్రకెక్కుతుంది. ఊరికే "పొదుపు చేయుము" అంటే ఎవరూ వినరు.

ఆ పొదుపు సంఘాల చుట్టూనే తరువాత సూక్ష్మరుణ కంపెనీలు మూగాయి. ఒక్కో ఇల్లాలు మూడు నాలుగు చోట్ల అప్పు తీసుకుని, వారం వారం వాయిదాలు కట్టలేక నలిగిపోయిన రోజులు కూడా చూశాం. 2010 అక్టోబరులో అప్పటి ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. సంఘం పెట్టడం నేర్పినంత శ్రద్ధగా వడ్డీరేటు చదవడం నేర్పలేదు. ఇది నా అభిప్రాయం, ఎవరైనా కాదంటే వినడానికి సిద్ధమే.

ఇప్పుడు జరుగుతున్న పనులు క్లుప్తంగా చెబుతాను. రిజర్వు బ్యాంకు ఏటా ఆర్థిక అక్షరాస్యతా వారం జరుపుతోంది. రిజర్వు బ్యాంకు, సెబీ, బీమా, పెన్షన్ నియంత్రణ సంస్థలు కలిసి జాతీయ ఆర్థిక విద్యా కేంద్రాన్ని నెలకొల్పాయి. అది ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తుంది, ఆరు నుంచి పన్నెండో తరగతి వరకు పిల్లలకు పరీక్ష కూడా పెడుతుంది. పదేళ్లు నిండిన పిల్లలు తమ పేరిట పొదుపు ఖాతా తెరిచి తామే నడుపుకొనేందుకు అనుమతించవచ్చని రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్‌లో బ్యాంకులకు మళ్లీ స్పష్టం చేసింది. ఇవన్నీ మంచివే. కాని వారం రోజులు బ్యానరు కట్టి, వ్యాసరచన పోటీ పెట్టి, ఫోటో తీయించుకుంటే పిల్లవాడికి చెక్కు రాయడం రాదు.

ఈ తరం వారికి సంచయిక గుర్తుందో లేదో. మన హైస్కూళ్లలో పిల్లలే నడిపే పొదుపు బ్యాంకు. ఒక పిల్లవాడు మేనేజరు, ఒకడు క్యాషియరు. పావలా, అర్ధరూపాయి కట్టించుకుని పాస్ పుస్తకంలో రాసేవారు. మేష్టారు సరిచూసి పోస్టాఫీసులో జమ చేయించేవారు. అందులో పోగయ్యే సొమ్ము స్వల్పం. మొత్తం కూడితే పుస్తకానికీ పెట్టెకూ పైసా తేడా రాకూడదని, తేడా వస్తే దొరికేదాకా ఇంటికి పోకూడదని పన్నెండేళ్ల పిల్లవాడికి తెలిసేది. మా క్యాషియర్లలో ఆ గుణం ఉన్నవారే పైకొచ్చారు.

మరి మేష్టారు ఈ పని ఒక్కరే చేయగలరా? నిజం మాట్లాడుకుందాం. ఆయన పాఠం చెప్పాలి, మధ్యాహ్న భోజనం లెక్క రాయాలి, హాజరు ఫోనులో ఎక్కించాలి, ఓటర్ల జాబితా చూడాలి, ఎన్నికల విధికి వెళ్లాలి. దీనిపైన "ఆర్థిక అక్షరాస్యతపై నివేదిక పంపవలసినది" అని ఇంకో సర్క్యులర్ వస్తే ఆయన నివేదిక పంపుతాడు. నివేదికే పంపుతాడు. నేనైనా అంతే చేసేవాణ్ణి. ఇంకొక సంగతి. 2004 సెప్టెంబరు 1 తరువాత చేరిన ఉపాధ్యాయులు కంట్రిబ్యూటరీ పెన్షన్ పథకంలోకి వచ్చారు. మనకు లేని చిక్కులు వారికున్నాయి. తన జీతంలోంచి ప్రతినెలా కోత పడే సొమ్ము ఎక్కడ ఏ యూనిట్లుగా మారుతోందో తెలుసుకోవలసిన అవసరం వారికి మనకంటే ఎక్కువ. మేష్టారి స్టేట్‌మెంటు మేష్టారికి అర్థమయ్యేలా చేయడం కూడా ఈ పనిలో భాగమని నా మనవి.

ఇక మనం చేయగలిగింది. మనలో ట్రెజరీ వారున్నారు, బ్యాంకుల్లో రిటైరైన వారున్నారు, సహకార శాఖ వారున్నారు, పోస్టాఫీసు వారున్నారు, రిజిస్ట్రేషన్ శాఖలో ప్రోనోటులూ తాకట్టు పత్రాలూ వేలకొద్దీ చూసినవారున్నారు. మనం బడికి వెళ్లి ఉపన్యాసాలు దంచవద్దు. ముసలివారి ఉపన్యాసం పిల్లలు ఎంతసేపు వింటారో మన మనవళ్లను అడిగితే చెబుతారు. లెక్కల మేష్టారి పక్కన కూర్చుని, ఆయన చెప్పబోయే వడ్డీ పాఠానికి మన ఊరి లెక్కలు నాలుగు తయారు చేసి ఇద్దాం. పాఠం ఆయనదే. అంకెలు మనవి.

కాగితాలు కూడా మనం సమకూర్చవచ్చు. డబ్బు కట్టే ఫారం, తీసే ఫారం, చెక్కు నమూనా, చలానా, కరెంటు బిల్లు, బంగారం తాకట్టు రశీదు. చెక్కు మీద అక్షరాల్లో రాసి చివర "మాత్రమే" అని ఎందుకు రాయాలో పిల్లవాడు ఒకసారి చేత్తో రాస్తే మరచిపోడు. చీటీల సంగతి కూడా చెప్పాలి. మన తెలుగు ఇళ్లలో చీటీ కట్టని ఇల్లు అరుదు. 1982 నాటి చిట్‌ఫండ్ల చట్టం ప్రకారం చీటీ రిజిస్టరు కావాలని, ఫోర్‌మన్ కమిషన్‌కు పరిమితి ఉందని, అది 2019 సవరణతో 5 నుంచి 7 శాతానికి పెరిగిందని ఎంతమందికి తెలుసు? పాటలో ఎంత తగ్గించుకుని పాడితే ఎన్ని రూపాయల వడ్డీకి అప్పు తెచ్చుకున్నట్టో లెక్క వేయడం పదో తరగతి పిల్లలకు మంచి అభ్యాసం.

మనకు మరో వనరు ఉంది, మనకే తెలియదు. ధరల పెరుగుదల గురించి పుస్తకంలో పేజీలు రాస్తారు. మనం డి.ఎ. ఎందుకు ఇస్తారో చెబితే చాలు. ధరల సూచీ పెరిగితే అదే జీతానికి సరుకు తక్కువొస్తుంది గనుక ఇస్తారు. డి.ఎ. లేని కూలివాడికి ఆ పూరకం ఎవరూ ఇవ్వరు అని అప్పుడు పిల్లవాడే అంటాడు. అలాగే కమ్యుటేషన్. నెలనెలా వచ్చే పెన్షన్‌లో కొంత వదులుకుని ఒకేసారి మొత్తం తీసుకోవడం, పదిహేనేళ్లకు అది తిరిగి కలవడం. ఈరోజు రూపాయికీ రేపటి రూపాయికీ ఉన్న తేడాను ఇంతకంటే తేలికగా చెప్పే ఉదాహరణ నాకు కనబడలేదు.

రెండు షరతులు మాత్రం పెట్టుకోవాలి. ఒకటి, ఎవరూ బడిలోకి పాలసీ పుస్తకం పట్టుకుని వెళ్లకూడదు. మనలో ఏజెన్సీలు తీసుకున్న వారున్నారు. తప్పు లేదు. కాని బడి గేటు దగ్గర ఏజెన్సీని వదిలి లోపలికి వెళ్లాలి. రెండు, పిల్లల ఇంటి అప్పులను నోటు పుస్తకంలో రాయించవద్దు. ఇంటి గుట్టు తరగతిలో బయటపడితే ఆ పిల్లవాడు మరునాడు బడికి రాడు. ఊహించిన కుటుంబం మీదే లెక్క చేయించాలి.

"మనకెందుకండీ ఈ వయసులో" అని నిన్న కార్యవర్గ సమావేశంలో ఒక పెద్దాయన అన్నారు. ఆయన మాట కొట్టిపారేయను. మోకాళ్లు సహకరించని మాట వాస్తవమే. అయితే ఇది ఏకపక్షంగా ఇచ్చే దానం కాదు. నేడు మోసగాళ్ల ఫోన్లు ఎక్కువగా వచ్చేది మనకే. లైఫ్ సర్టిఫికెట్ ఆగిపోయిందని, పెన్షన్ నిలిచిపోతుందని బెదిరిస్తారు. పోలీసు దుస్తులు వేసుకుని వీడియోలో కనబడి "డిజిటల్ అరెస్టు" అంటారు. చట్టంలో అటువంటి అరెస్టు లేదు. డబ్బు రావడానికి పిన్ కొట్టనక్కరలేదని, పిన్ కొడితే డబ్బు పోవడమేనని నాకు మొదట చెప్పింది తొమ్మిదో తరగతి చదివే మా మనవరాలు. మోసం జరిగిన వెంటనే 1930 నెంబరుకు ఫోన్ చేయాలని కూడా ఆ పిల్లే గోడ మీద రాసి పెట్టింది. మనం వాళ్లకు ప్రోనోటు చదవడం నేర్పుదాం, వాళ్లు మనకు ఫోను చదవడం నేర్పుతారు. అప్పు యాప్‌ల వలలో, ఆన్‌లైన్ పందేల్లో పడుతున్నది మాత్రం ఆ వయసు దాటిన కుర్రవాళ్లే. పై తరగతుల మేష్టర్లు నాతో ముందుగా చెప్పింది ఈ బెడదే.

బ్యాంకు మునిగితే డిపాజిట్ ఏమవుతుందన్న ప్రశ్న కూడా ఇంట్లో పెద్దలు అడుగుతారు. ఒక బ్యాంకులో ఒకరి పేరిట ఉన్న డిపాజిట్లకు, వడ్డీతో కలిపి, 1993 నుంచి లక్ష రూపాయల దాకా ఉన్న బీమా 2020 ఫిబ్రవరి 4 నుంచి అయిదు లక్షలైంది. బీమా ఉన్న బ్యాంకు ఏదో, ఊరికే బోర్డు కట్టిన కంపెనీ ఏదో తేడా చెప్పగలిగితే, ఎక్కువ వడ్డీ ఆశచూపే వారి దగ్గర కొన్ని ఇళ్ల సొమ్మయినా చిక్కకుండా ఉంటుంది.

కార్యక్రమం వివరాలు. సంక్రాంతి సెలవులు అయ్యాక జనవరి చివరి శనివారం నాడు మన ఊరి జిల్లా పరిషత్ హైస్కూలు లెక్కల మేష్టర్లతో మొదటి సమావేశం. ప్రధానోపాధ్యాయులు గారు ఒప్పుకున్నారు. మొదట ఏడెనిమిది మంది చాలు. పేరు ఇవ్వదలచిన వారు కోశాధికారి గారి వద్ద నమోదు చేయించుకోవాలి. ఇంట్లో పాత పాస్ పుస్తకాలు, రద్దయిన చెక్కులు, పాత చలానాలు, తీరిపోయిన ప్రోనోటులు ఉంటే పేర్లూ నెంబర్లూ నల్ల సిరాతో కొట్టివేసి తీసుకురండి. జిరాక్సు ఖర్చు సంఘం భరిస్తుంది.